జంట పరుపు వెళ్లే సందు

మా పెద్దమ్మ పరుపులు కుడుతుంది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు, చేతిలో దబ్బనం ఆగదు. నేను ఆమె చెల్లెలి కూతుర్ని. అమ్మకు జబ్బు చేసి బడి మానేసిన ఏడాది పని నేర్చుకోవడానికి ఆమె దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. కొట్టుకు వచ్చినవాళ్లు నన్ను ఏదైనా అడగబోతే పెద్దమ్మే అడ్డం వస్తుంది. "దాన్ని అడక్కండి, దాని నోట్లో దూది కుక్కి కుట్టేశాను" అంటుంది. అందరూ నవ్వుతారు. నాకూ అదే సుఖం. మాట్లాడే పని తప్పితే చూసే పని బాగా సాగుతుంది.

ఇల్లూ కొట్టూ ఒకటే. ముందు గదిలో కుట్టుపని, వెనక గదిలో దూది బస్తాలు, ఆ వెనక వంట. వీధి వైపు ఉన్నది ఒంటిరెక్క తలుపు, దాని ఎదురుగా కరెంటు స్తంభం. ఒంటి పరుపునైతే చుట్టి ఆ తలుపులోంచి తియ్యొచ్చు. జంట పరుపును చుట్టకూడదు. చుడితే లోపల దూది జరిగి గడ్డలు కడుతుంది. దాని మీద పడుకున్నవాళ్లు తెల్లారి లేస్తూనే నడుం పట్టుకుని పెద్దమ్మను తలుచుకుంటారు. అందుకని జంట పరుపులను పక్క తలుపులోంచి సందులోకి తీసి, నిలువుగా పట్టుకుని వీధిలోకి తెస్తాం. పెద్దమ్మ ముందు, నేను వెనక. ఒంటి పరుపులు ఇప్పుడు ఎవరూ కుట్టించుకోవడం లేదు, బజార్లో స్పాంజివి దొరుకుతున్నాయి. మా పొయ్యి వెలిగేది జంట పరుపుల మీదే.

ఆ సందు మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఉంది. పెద్దమ్మ దూది ఏకేది కూడా అక్కడే. పాత పరుపులు విప్పినప్పుడు లోపలి దూది అట్టలా ఉంటుంది. దాన్ని కర్రతో కొట్టి, విల్లు పెట్టి ఏకితే మళ్లీ పొంగుతుంది. పెదనాన్న ఉన్న రోజుల్లో ఆ పని ఆయనే చేసేవాడట. వెనక గదిలో తలుపులు వేసుకుని, ముక్కుకూ నోటికీ తువ్వాలు చుట్టుకుని, దగ్గుతూ ఏకేవాడట. "గాలికి దూది ఎగిరిపోతే నష్టం" అనేవాడట. ఆయన పోయాక పెద్దమ్మ నాలుగు రోజులు ఆ గదిలో కూర్చుని, ఊపిరాడక, విల్లును సందులోకి తెచ్చేసింది.

అప్పట్లో పక్కింట్లో ఒక ముసలాయన ఉండేవాడు. మేం కళ్లజోడాయన అనేవాళ్లం. సందులో విల్లు తీగ మోగగానే తన కిటికీ రెక్కలు ధడాలున వేసుకునేవాడు. నేను ఉలిక్కిపడేదాన్ని. పెద్దమ్మ మాత్రం చెయ్యి ఆపకుండానే, "చూశావా, కడుపుమంట ఇంకా చల్లారలేదు. కేసు ఓడిపోయాడుగా" అనేది. ఈ సందు కోసం పెదనాన్న ఆయన మీద కోర్టులో కేసు వేసి గెలిచాడని పెద్దమ్మ చెప్పేది. అది నేను పుట్టకముందు సంగతి. పెదనాన్న ఆ కథ పరుపు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాడట. ఆయన పోయాక పెద్దమ్మ చెబుతోంది.

కళ్లజోడాయన కూడా పోయాడు. వాళ్ల వాళ్లు ఇల్లు అమ్మేశారు. కొన్న కొత్తాయన వచ్చిన నెలలోనే ఒక పొద్దున మేం జంట పరుపు పట్టుకుని సందులోకి దిగేసరికి పెద్దమ్మ మెడకు దారం తగిలింది. మేస్త్రి సందుకు అడ్డంగా రెండు మేకుల మధ్య దారం లాగి, నేల మీద సున్నంతో గీత గీస్తున్నాడు.

"ఏమిటయ్యా ఇది, నాకు ఉరా?" అంది పెద్దమ్మ పరుపు వెనకనుంచి.

కొత్తాయన బయటికి వచ్చాడు. మర్యాదస్తుడే. "పిన్నిగారూ, ఇక్కడ గోడ పెడుతున్నాం. ఇక ఆ పక్క తలుపు వాడకండి."

"వాడకపోతే? జంట పరుపుకు రెక్కలు కుట్టమంటావా నాయనా?"

"మీ దూదంతా మా వంటగదిలోకి వస్తోందండీ. నిన్న పాల మీద తేలుతుంటే మీగడ అనుకుని మా ఆవిడ తీసి గిన్నెలో దాచింది."

మేస్త్రి పకపకా నవ్వాడు. పెద్దమ్మకూ నవ్వు వచ్చిందిగానీ పరుపు చాటున దాచుకుంది.

"మా కాగితాల్లో మీ గోడ దాకా మాదే అని ఉంది. మీకు దారి ఉందని కాగితం ఏదైనా ఉందా?" అన్నాడు ఆయన.

"కోర్టే ఇచ్చింది. మా ఆయన కేసు వేసి గెలిచాడు. వీధిలో ఎవరినైనా అడుగు."

"వీధిని అడిగి నేనేం చేసుకోనండీ. కాగితం చూపించండి, నా చేత్తో నేనే ఈ దారం విప్పేస్తాను. ఇటుకలు దిగేదాకా ఆగుతాను. తర్వాత నన్ను అనొద్దు."

ఆ రోజు పరుపును దారం కిందనుంచి పడుకోబెట్టి జరిపాం. దాని అంచుకు సున్నం అంటింది. పెద్దమ్మ దారి పొడుగునా దాన్ని కొంగుతో తుడుస్తూనే ఉంది.

ఇంట్లో కాగితం లేదు. పెదనాన్న పెట్టెలో పాత అద్దాలు, ఒక గొళ్లెం, ఎవరిదో పెళ్లి ఫొటో దొరికాయి. "కాగితం ఇంట్లో ఉంటే చెదలు తింటాయి, కోర్టులో ఉంటే సర్కారు కాస్తుంది అనేవాడు మీ పెదనాన్న" అంది పెద్దమ్మ. పెదనాన్న కేసు చూసిన వకీలు ఆఫీసు ఉన్నచోట ఇప్పుడు ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. ఆ కొట్టతను కాగితాలు లేవుగానీ, ఫోను అద్దం పగిలి ఉంటే మారుస్తానన్నాడు. మాకు ఫోనే సరిగ్గా లేదు.

కాబట్టి కోర్టుకు వెళ్లాం. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుంది. నన్ను వెంట తీసుకెళ్లింది చదవడానికి. నేను చదివింది ఎనిమిది దాకానే, అదీ పూర్తి కాలేదు. ఆ మాట గుర్తు చేస్తే, "ఎనిమిది చాలు, కాగితం ఒక్కటేగా" అంది.

ఒక్కటే కాగితం కోసం అన్ని గుమ్మాలు ఉంటాయని మాకేం తెలుసు. గేటు దగ్గర మనిషి లోపల అడగమన్నాడు. లోపల మనిషి పై అంతస్తన్నాడు. పైన ఒక గదిలో అందరూ నిలబడి ఉంటే మేమూ నిలబడ్డాం. కాసేపటికి జడ్జిగారు వచ్చి కూర్చున్నారు, ఎవరిదో కేసు మొదలైంది. పెద్దమ్మ నా చెవిలో, "మన వంతు వస్తే నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది. బంట్రోతు మమ్మల్ని బయటికి పంపి, రికార్డు గది కింద ఉందన్నాడు. కింద రికార్డు గది తలుపు మీద, లోపలికి రాకూడదని రాసి ఉంది. తలుపు తీసి ఉంది. లోపల బట్ట చుట్టిన కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి. పెద్దమ్మ వాటిని పనివాళ్ల చూపుతో చూసి, "మూటలు బాగా కట్టలేదు" అంది. లోపలి మనిషి తలెత్తకుండానే, "నకలు కావాలంటే నకళ్ల కిటికీ" అన్నాడు. నకళ్ల కిటికీ దగ్గర ఒకావిడ, "అర్జీ ఏదమ్మా" అంది. అర్జీ గేటు బయట రాయించుకోవాలట. అంటే బయలుదేరిన చోటికే.

ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరి మాట వాళ్లకు నిజమే. అన్నీ కలిపితే మాత్రం మాకేమీ అర్థం కాలేదు.

గేటు బయట నల్ల గొడుగు కింద మడత బల్ల వేసుకుని ఒక పెద్దాయన అర్జీలు రాస్తున్నాడు. గాలి వీచినప్పుడల్లా ఒక చేత్తో గొడుగు పట్టుకుంటాడు, రెండో చేత్తో రాస్తాడు.

"దావా నంబరు చెప్పమ్మా."

"నంబరు నాకెందుకు చెబుతారు అన్నయ్యా. అది సందు కేసు."

"పోనీ ఏ సంవత్సరం?"

"వీధిలోకి నీళ్లొచ్చి దూది బస్తాలు తడిసిన ఏడు. తడిసినవన్నీ డాబా మీద ఆరబోస్తే కాకులు ఎత్తుకుపోయాయి. ఆ చలికాలమే కోర్టు మొదలైంది."

గొడుగాయన కలం ఆపి, "కాకుల సంగతి అర్జీలో రాయలేం చెల్లెమ్మా" అన్నాడు. వేళ్లు మడిచి, నీళ్లొచ్చిన ఏడు ఏదో తనే లెక్కగట్టాడు. "ఎవరు ఎవరి మీద వేశారు?"

"మా ఆయన. పక్కింటాయన మీద."

వాది అన్నచోట పెదనాన్న పేరు రాశాడు. స్టాంపు అంటించాడు. నకళ్ల కిటికీ ఆవిడ అర్జీ తీసుకుని, వెతికిస్తాం, మళ్లీ రమ్మంది. పెద్దమ్మ ఇంటికి వస్తూ దారంతా గెలిచినట్టే మాట్లాడింది.

మళ్లీ వెళ్లేసరికి అర్జీ వెనక్కి వచ్చింది. అడుగున ఎర్ర సిరాతో, సదరు వాది పేరుతో దావా కనబడలేదని రాసి ఉంది.

నేను చదివాను. పెద్దమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివినా అదే ఉంది.

"కనబడలేదంటే? నేను కారియరు పట్టుకుని ఆ మెట్ల మీద కూర్చునేదాన్నమ్మా. ఆ మెట్లు కూడా కనబడవా?" అంది కిటికీలోకి వంగి.

"మెట్లు ఉన్నాయమ్మా. కేసు లేదు" అంది ఆవిడ, ముద్ర సిరాలో అద్దుతూ.

ఇంటికి వచ్చాక పెద్దమ్మ మాట్లాడలేదు. అది మామూలు విషయం కాదు. విల్లు తీసుకుని సందులో కూర్చుంది. మేస్త్రి దారం ఆమె తల మీదుగా పోతోంది. దూదిని ఏకుతూ ఏకుతూ ఉన్నట్టుండి అంది: "ఏమే, కేసే లేకపోతే మీ పెదనాన్న వాయిదాలని చెప్పి ఎక్కడికి వెళ్లేవాడే?"

నేను ఏకిన దూదిని బస్తాలోకి ఎత్తుతున్నాను.

"ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లేవాడు. నాకు మెట్ల దగ్గరే ఆగమనేవాడు. లోపలికి రావద్దనేవాడు. ఎందుకని?" తీగ గట్టిగా లాగింది. "నూనె రాసి మరీ దువ్వుకునేవాడు."

ఆ సాయంత్రమంతా దూదినీ ఏకింది, పెదనాన్ననూ ఏకింది. గోడ మీద ఆయన ఫొటో ఉంటుంది. మీసం మెలేసుకుని ఉంటాడు. పడుకునే ముందు దాన్ని గోడవైపు తిప్పింది. పొద్దున లేచి చూస్తే మళ్లీ ఇటువైపు తిరిగి ఉంది. నేను తిప్పలేదు.

మూడోసారి పోట్లాడటానికి వెళ్లాం. కాగితం ఇవ్వకపోతే ఆ కిటికీ ముందే కూర్చుంటానని పెద్దమ్మ తీర్మానించుకుంది. మా ముందు ఒక బట్టతలాయన ఉన్నాడు. కిటికీ ఆవిడ అతన్ని కోప్పడుతోంది.

"నీ పేరు మీద వెతకమంటే ఎలాగయ్యా? నువ్వు వేయించుకున్నవాడివి. వేసినవాడి పేరు చెప్పు. పుస్తకంలో ముందు వాళ్ల పేరే ఉంటుంది."

"వాడి పేరు నా నోటితో పలకను మేడం."

"పలకొద్దు. రాసివ్వు."

అతను కాగితం మీద రాస్తూ కూడా మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను అతని వంక చూస్తూ నిలబడ్డాను. కేసు వేయించుకున్నవాడు ఎలా ఉంటాడో నేనెప్పుడూ చూడలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. తల మీద ఉన్న నాలుగు వెంట్రుకలనూ నూనె రాసి దువ్వుకున్నాడు.

నేను పెద్దమ్మ కొంగు లాగాను. వరండా చివరికి తీసుకెళ్లాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది.

"పెద్దమ్మా, కేసు కళ్లజోడాయన వేసుంటే?"

"వేసుంటే ఏమిటి?"

"పెదనాన్న మీద."

పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. "మీ పెదనాన్నను ఒకడు కోర్టుకు ఈడ్చాడా? నోరు తెరవక తెరవక తెరిచి ఈ మాటంటావా? మీ పెదనాన్నే ఆయన్ని ఈడ్చాడు. ఊరంతా చెప్పుకున్నాడు. వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పుకున్నాడు. పరుపు కొనకుండా బేరమాడి వెళ్లేవాడిని వెనక్కి పిలిచి మరీ..." అక్కడ ఆగిపోయింది. ఎవరో మా మధ్యనుంచి కట్టలు మోసుకుపోయారు.

"అంతలా ఎందుకు చెప్పుకున్నాడంటావే?" అంది నెమ్మదిగా.

గొడుగాయన దగ్గరికి వెళ్లి, పేర్లు తిప్పి రాయమన్నాం. కళ్లజోడాయన పేరు, ఆయన తండ్రి పేరుతో సహా, పెద్దమ్మకు గుర్తుంది. అన్నేళ్లు తిట్టుకున్న మనిషి పేరు ఎక్కడికి పోతుంది. ప్రతివాది అన్నచోట పెదనాన్న పేరు రాస్తుంటే ఆమె అటు తిరిగి నిలబడింది.

కిటికీ ఆవిడ లావుపాటి పుస్తకం తెరిచి వేలు కిందికి జరుపుతూ పోయింది. వేలు ఆగింది. "ఇదిగో" అంది. అంత సులువుగా దొరికింది. నంబరు ఒక చీటీ మీద రాసిచ్చి, కట్ట రికార్డు గదిలో వెతికి తీయాలి, నకలు రాయాలి, సరిచూడాలి, ముద్ర పడాలి, తర్వాత రమ్మంది. పెద్దమ్మ ఆ చీటీని రవికలో పెట్టుకుంది. సంతోషపడాలో లేదో ఆమెకు తెలియలేదు. "దొరికింది కదా పెద్దమ్మా" అన్నాను. "దొరికింది. ఏం దొరికిందో" అంది.

మేం వచ్చేసరికి ఇటుకలు దిగి ఉన్నాయి. సందు మొదట్లో ఎర్రగా గుట్ట. పెద్దమ్మ చీటీ తీసి కొత్తాయనకు చూపించింది.

"నంబరు చూసి గోడ ఆగదు పిన్నిగారూ."

"నంబరుంటే కేసుంది, కేసుంటే కాగితముంది. కోర్టువాళ్లు నకలు రాస్తున్నారు నాయనా. వాళ్లు నీ మేస్త్రిలా కాదు, మెల్లగా రాస్తారు."

మేస్త్రికి పౌరుషం వచ్చింది. "నేనూ మెల్లగానే చేస్తానమ్మా, అయ్యగారే తొందరపెడతారు" అన్నాడు. కొత్తాయన కాసేపు ఆలోచించి, ముందు ఇటుకలన్నీ వరసగా పేర్చి తడపమన్నాడు. మేస్త్రి వాటిని నిజంగానే మెల్లగా పేర్చాడు. పేర్చినవి నచ్చక మళ్లీ తీసి పేర్చాడు. పెద్దమ్మ అతనికి రెండు పూటలా టీ ఇచ్చింది.

ఆ రోజుల్లో మాకు ఒక పెళ్లింటి జంట పరుపు పని ఉంది. కుట్టడం అయిపోయినా బయటికి పంపలేదు. ఇటుకలు సందును సగం మూసేశాయి. పరుపు ముందు గదిలో గోడకు ఆనించి ఉంటే మేం దాని పక్కనుంచి ఒరుసుకుంటూ తిరిగాం. పెళ్లివాళ్లు రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లారు.

నకలు చేతికొచ్చిన రోజు కోర్టు వరండాలో బల్ల ఖాళీ లేక మెట్ల మీద కూర్చున్నాం. పెద్దమ్మ అప్పట్లో కారియరుతో కూర్చున్న మెట్లే అవి. కాగితాలు రెండు. ఎడమ అంచున చిల్లు పొడిచి, తెల్లదారంతో కలిపి ముడేసి, ముడి మీద ముద్ర వేశారు. నేను కూడబలుక్కుంటూ చదివాను. మొదటి కాగితంలో ఇలా ఉంది:

"ఉభయ పక్షములవారు రాజీ పడినందున, వాది సదరు సందు గుండా ప్రతివాది పరుపులు తీసికొనిపోవుటకు ఎట్టి అభ్యంతరమును చెప్పరాదు, సదరు సందునకు అడ్డుగా ఎట్టి కట్టడమును కట్టరాదు. ఈ షరతులు ఉభయుల తదనంతరము ఇండ్లు పొందినవారికిని వర్తించును."

పెద్దమ్మ కళ్లు మూసుకుని వింటోంది. "మళ్లీ చదువు" అంది. చదివాను. "చెప్పానా" అంది. ఇంకా ఉందని నేను రెండో కాగితం తిప్పాను.

"ప్రతివాది సదరు సందు యందు దూది ఏకరాదు. ఏకుట తన ఇంటి లోపల తలుపులు మూసికొని జరుపుకొనవలెను."

మెట్ల మీద జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు.

"అంటే గెలిచామా, ఓడామా?" అంది పెద్దమ్మ.

గొడుగాయన్ని అడిగాం. ఆయన రెండు కాగితాలూ చదివి, "రాజీ చెల్లెమ్మా. రాజీలో ఓడినవాడు ఉండడు" అన్నాడు.

"గెలిచినవాడో?"

"వాడూ ఉండడు."

"మరి మా ఆయన గెలిచానని అందరికీ చెప్పాడే."

"ఓడలేదు కదా. ఇంటికెళ్లి అంతవరకు చెప్పి ఉంటాడు" అని ఆయన గొడుగు సర్దుకున్నాడు.

బస్సులో పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుంది. ఒళ్లో కాగితాలు. చాలాసేపటికి, "తలుపులు మూసుకుని దగ్గుతూ ఏకేవాడు. గాలికి దూది పోతుందని నాతో చెప్పాడు. నేను నమ్మాను" అంది. ఇంకాసేపటికి, "ఆ కళ్లజోడాయన దగ్గరా ఈ కాగితం ఉండే ఉంటుంది కదే?" అంది.

ఉండే ఉంటుందన్నాను.

"మీ పెదనాన్న పోయాక నేను విల్లు తెచ్చి ఆయన కిటికీ కిందే పెట్టాను. ఇన్నేళ్లు ఏకాను. ఒక్కసారి ఇది తెచ్చి నా మొహాన కొట్టలేదు. కిటికీ వేసుకున్నాడు." కొంగుతో మొహం తుడుచుకుంది. "అది కూడా అంత గట్టిగా వేసుకోకపోతేనేం."

ఇంటికి వచ్చాక ఆమె కాళ్లు కడుక్కోకుండానే కుట్టు పీట మీద కూర్చుని కాగితాలు వెలుతురులో పెట్టి చూసింది. అక్షరాలను కాదు, ముడిని. వేలి గోటితో దారాన్ని కదిపింది.

"మామూలు జారుముడి. ముద్ర అంచు తగిలిందంతే, లక్క కూడా పొయ్యలేదు. దీన్ని విప్పి ఒక కాగితం తీసేసి మళ్లీ ఇలాగే వేయగలను. వేసినవాడికి కూడా తెలియదు" అంది.

నిజమే. పెద్దమ్మ కుట్టు విప్పి కుడితే పాత చిల్లులోంచే దారం పోతుంది. దబ్బనం ఆమె చేతికి అందేచోటే ఉంది. మొదటి కాగితం ఒక్కటే చూపిస్తే గోడ ఆగుతుంది, విల్లు సందులోనే ఉంటుంది. రెండూ చూపిస్తే వెనక గది. ఆ గదిలో నాలుగు రోజులకే ఆమెకు ఎలా అయిందో చెప్పడానికి ఇప్పటికీ గుండె మీద చెయ్యి పెట్టుకుంటుంది. ఆమెకు అప్పటికన్నా ఇప్పుడు వయసు ఎక్కువ.

దబ్బనం తీసుకుంది. కాసేపు చేతిలో తిప్పింది. తర్వాత దాన్ని గోడవారనున్న జంట పరుపుకు గుచ్చి లేచింది.

"పద" అంది.

కొత్తాయన భోజనం చేస్తున్నాడు. వాళ్లావిడ కూర్చోమంది. పెద్దమ్మ కూర్చోలేదు. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి కాగితం తీసుకున్నాడు. మొదటిది చదివి తలూపాడు. మడవబోయాడు.

"రెండోది కూడా చదువు నాయనా. దారం వేసి కుట్టింది ఊరికే కాదు" అంది పెద్దమ్మ.

చదివాడు. ఆయన మొహంలో నవ్వు వస్తుందేమోనని చూశాను. రాలేదు. కొంచెం సిగ్గుపడ్డట్టు కనిపించాడు, అది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. వాళ్లావిడను పిలిచి చూపించాడు. ఆవిడ చదివి, "అయితే మీరు లోపల ఏకుతారా పిన్నిగారూ? ఆయాసం రాదూ?" అంది.

"వస్తుంది. మీ పాలల్లోకి మాత్రం రాదు" అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రం ఆయన అన్నట్టే తన చేత్తో మేకుల నుంచి దారం విప్పాడు. ఇటుకలతో వెనక పెరట్లో తొట్టి కట్టించుకుంటానన్నాడు. మేస్త్రి మెల్లగా పేర్చినవన్నీ మళ్లీ మెల్లగా మోశాడు. చీకటి పడకముందే పెళ్లివాళ్ల పరుపు సందులోంచి వెళ్లిపోయింది, పెద్దమ్మ ముందు, నేను వెనక. నేల మీద సున్నం గీత ఇంకా ఉంది. దాని మీద అడుగు వెయ్యకుండా పెద్దమ్మ దాటింది. ఎందుకో తెలియదు, నేనూ దాటాను.

ఇప్పుడు విల్లు వెనక గదిలో ఉంది. ఏకే పని సగం నేను తీసుకున్నాను. పెద్దమ్మ తన వంతు వచ్చినప్పుడు తువ్వాలు చుట్టుకుని తలుపు వేసుకుంటుంది. బయటికి వినిపించేది విల్లు తీగ చప్పుడు, మధ్యమధ్య దగ్గు. పక్కింటి కిటికీ తెరిచే ఉంటుంది. ఒక్కోసారి కొత్తాయన భార్య అందులోంచి, "పిన్నిగారూ, కాసేపు తలుపు తీసి గాలి పీల్చుకోండి, నేనేమీ అనుకోను" అని అరుస్తుంది. పెద్దమ్మ తియ్యదు. ఆవిడ మంచిదో, పెద్దమ్మ మొండిదో, కాగితం గట్టిదో, నేను తేల్చుకోలేకపోతున్నాను.

మొన్న పరుపు కుట్టించుకోవడానికి ఒకాయన వచ్చాడు. వీధి తలుపు చూసి, ఇంత చిన్న గుమ్మంలోంచి జంట పరుపు ఎలా తీస్తారని అడిగాడు.

"పక్కన సందు ఉందయ్యా. దానికోసం మా ఆయన కేసు వేసి గెలిచాడు" అంది పెద్దమ్మ.

నేను కుట్టు ఆపి ఆమె వంక చూశాను. ఆమె నా వంక చూడలేదు. దారం చివర పళ్ల మధ్య పెట్టి కొరికి, దబ్బనంలోకి ఎక్కిస్తూ, "కోర్టులో కాగితం కూడా ఉంది. కావాలంటే వెళ్లి చూసుకో" అంది.